శ్రీలంక చూపించారు, పానగల్లు ఎవరు చూపిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం వచ్చిందంటే మీ పత్రికలో విదేశీ టూర్ల ప్రకటనలే ప్రకటనలు. విమానం, హోటలు, తెలుగు భోజనం, తెలుగు మేనేజరు, అన్నీ కలిపి ఇంత అని. అలాంటి ప్రకటన ఒకటి చూసే నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల వాళ్లం ఒక బస్సు నిండా జమై ఈ మధ్య శ్రీలంక వెళ్లొచ్చాం. ఇది యాత్రా కథనం కాదు, కొంత ఫిర్యాదు, నల్లగొండ పక్కనున్న పానగల్లులాంటి పాత గుళ్లూ చెరువులూ చూపించే బస్సు కోసం కొంత విన్నపం. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని, చెరువు కట్టల మీద తిరిగీ తిరిగీ మోకాళ్లు అరగదీసుకున్నవాణ్ణి. పాత గుడి కనిపిస్తే దండం పెట్టే లోపే దాని చెరువు ఎటువైపు ఉందా అని కళ్లు వెతుకుతాయి. ఉత్తరమంతా ఆ చూపుతోనే ఉంటుంది, ఓపిక పట్టి చదవండి.

ముందు మంచే చెబుతాను. దేశం బాగుంది, రోడ్లు బాగున్నాయి. కొలంబో దాటి కురునేగల వైపు వెళ్తుంటే దారంతా కొబ్బరి తోటలు. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ వానలు తగ్గే ప్రాంతం, పొలం, చెరువు, మళ్లీ పొలం, మళ్లీ చెరువు. ఏ చెరువు చూసినా తామరాకులు, కొంగలు, కట్ట మీద పెద్ద పెద్ద చెట్లు. రోడ్డు పక్కన మట్టి చట్టిల్లో గేదె పెరుగు అమ్ముతారు, దాని మీద పోసుకోవడానికి ఒక నల్లటి పాకం సీసాలో ఇస్తారు. అది జీలుగు చెట్టు కల్లును కాచి తీసిన పాకం. మా బస్సులో తిన్నవాళ్లు తక్కువే. ఎందుకంటే వంటమనిషి మనవాడే, ఇక్కడి నుంచే కుక్కర్లు, కారప్పొడి, మామిడికాయ పచ్చడి మోసుకొచ్చాడు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రికి మళ్లీ పప్పు. పోనీ, పెద్దవాళ్లకు అదే హాయి, అందులో నాకేం పేచీ లేదు. ముందు సీట్ల కోసం రోజూ పొద్దున జరిగిన రుసరుసలు కూడా ఏ గ్రూప్ టూర్‌లో ఉండవు చెప్పండి.

పేచీ ఎక్కడంటే, టైము దగ్గర.

టూరు కాగితం మీద "అనురాధపురం, సగం రోజు" అని అచ్చేశారు. ఆ పొద్దున బయల్దేరి ముందు ఒక రత్నాల షాపుకు తీసుకెళ్లారు. ఏసీ గది, చల్లటి జ్యూసు, గనిలోంచి రాయి ఎలా తీస్తారో ఒక చిన్న వీడియో, ఆ తర్వాత బల్లల ముందు కూర్చోబెట్టి నీలం చూడండమ్మా, పుష్యరాగం చూడండమ్మా అని ఒకటే ఒత్తిడి. ఒకావిడ కొంటే పక్కనున్న ఆవిడకు కొనక తప్పదు, మీకు తెలియందేముంది. అది అయ్యాక బాతిక్ బట్టల దుకాణం. ఇంకో రోజు మాతలే దగ్గర మసాలా తోట, అక్కడ నడుం నొప్పి నూనె, జుట్టు రాలకుండా ఒక నూనె, వెంట్రుకలు ఊడిపోవడానికి ఇంకో క్రీము. వాటిని పూసి చూపించడానికి మా బస్సులోని మగాళ్లనే పిలిచారు. నవ్వుకున్నాం, అదీ నిజమే. కానీ షాపులో గంటల తరబడి ఆగిన బస్సు అనురాధపురం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

ఆ ఎండలో రువన్‌వెలిసాయ స్తూపం. చెప్పులు బయట వదలాలి, టోపీ తీయాలి. కాళ్లు కాలిపోతుంటే మా పెద్దవాళ్లు రాతి పలకల మీద గంతులేస్తూ, నీడ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తారు. అక్కడి జనం పొద్దున్నే, కాకపోతే సాయంత్రం వస్తారు. తెల్లబట్టలు కట్టుకుని, పళ్లెంలో తామరపూలు పెట్టుకుని నెమ్మదిగా తిరుగుతారు. మేం తప్ప ఆ టైములో అక్కడెవరూ లేరు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో దుట్ఠగామణి రాజు కట్టించిన స్తూపం, ఇప్పుడున్న ఎత్తు 103 మీటర్లు, దాన్ని మేం ఫొటో తీసుకునే లోపే విజిల్ వేశారు.

జేతవనం అనే ఇంకో స్తూపం దగ్గరైతే బస్సు దిగనే లేదు. నేను లేచి అడిగాను. మేనేజరు కుర్రాడు మంచివాడే, అబద్ధం ఎందుకు చెప్పాలి, "అన్నీ ఇటుకలే కదా సారూ, బస్సులోంచే కనబడుతోంది" అన్నాడు. ఇటుకలే నాయనా, తొమ్మిది కోట్ల ముప్పై లక్షల ఇటుకలని లెక్కగట్టారు. మూడో శతాబ్దం చివర మహాసేనుడనే రాజు మొదలుపెట్టాడు. కట్టినప్పుడు 122 మీటర్ల ఎత్తు, ఈజిప్టులోని రెండు పెద్ద పిరమిడ్లు తప్పితే ఆ కాలంలో అంతకన్నా ఎత్తైన కట్టడం ప్రపంచంలో లేదంటారు. పైభాగం కూలిపోయి ఇప్పుడు మిగిలింది 71 మీటర్లు. అదే మహాసేనుడు మిన్నేరియా చెరువు కూడా తవ్వించాడు. ఇది ఎవరైనా చెబితే కదా జనానికి దిగాలనిపించేది! చెప్పేవాడు లేకపోతే ఎవరికైనా ఇటుకల దిబ్బే.

బోధివృక్షం దగ్గర మాత్రం కాసేపు నిలబడనిచ్చారు. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ, క్రీస్తుపూర్వం 288లో నాటారని వాళ్ల నమ్మకం, చరిత్ర పుస్తకాల లెక్క. మనుషులు నాటిన చెట్లలో నాటిన సంవత్సరం తెలిసినవాటిలో ఇదే పాతది. వంగిన కొమ్మల కింద బంగారు పూత ఊతకర్రలు, చుట్టూ కటకటాలు, కాపలా. జడ్చర్ల ఆయన ఒకరు నా చెవిలో "మన పిల్లలమర్రికి ఈ భోగం ఎక్కడిదే" అన్నారు. పాలమూరు పిల్లలమర్రికి కొన్నేళ్ల కింద చెద పట్టి, కొమ్మ విరిగి, చివరికి సెలైన్ బాటిళ్లు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించి బతికించుకున్న సంగతి అందరికీ గుర్తే. అది మన వాళ్లు బాగానే చేశారు, కాదనను. అంతదాకా రానిచ్చారెందుకన్నదే ప్రశ్న.

అక్కడే మాకు ఒక గైడు తగిలాడు. మెడలో లైసెన్సు కార్డు, యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడతాడు. మీదేవూరని అడిగితే మావాళ్లు హైదరాబాద్ అన్నారు, తలూపాడు. నేను కల్పించుకుని హైదరాబాద్ కాదయ్యా, నాగార్జునసాగర్ ఉన్న జిల్లా అన్నాను. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "నాగార్జునకొండా? మా సింహళ విహారం మీ దగ్గరే కదా ఉంది" అన్నాడు. బస్సు నిండా ఉన్న నల్లగొండ జిల్లా వాళ్లలో ఆ మాట ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే నాతో కలిపి ముగ్గురు. మిగతా ఇద్దరూ సోషల్ టీచర్లు.

విషయం ఇదీ. కృష్ణ ఒడ్డున ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే మూడో శతాబ్దంలో, బోధిశ్రీ అనే ఒక బౌద్ధ భక్తురాలు నాగార్జునకొండ దగ్గర శాసనం వేయించింది. తాను చేయించిన పనులన్నీ అందులో వరసగా చెప్పుకుంది. తామ్రపర్ణి, అంటే శ్రీలంక, భిక్షువుల కోసం చుళధమ్మగిరి అనే గుట్ట మీద చైత్యగృహం, అంటే స్తూపమున్న పూజా మందిరం, కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక మందిరం. పూర్వశైలమనే విహారంలో ఒక చెరువు. అనురాధపురంలో ఉన్నట్టే ఇక్కడా బోధివృక్షాన్ని పెట్టుకుని లంక సాధువులు కృష్ణ ఒడ్డున కాపురమున్నారన్నమాట. మెట్ల ముందు వేసే అర్ధచంద్ర శిల అక్కడా ఉంది, నాగార్జునకొండలోనూ ఉంది. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చే వేదికలు మన స్తూపాల్లో ఆయకాలు, వాళ్ల స్తూపాల్లో వాహల్కడలు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పిల్లనిచ్చి పుచ్చుకున్నట్టు శిల్పం కూడా ఇచ్చి పుచ్చుకున్నారు. మమ్మల్ని తీసుకెళ్లిన టూరు వాళ్ల కాగితంలో దీని మీద ఒక్క ముక్క లేదు. నల్లగొండ వాళ్లని అనురాధపురం తీసుకెళ్తూ ఈ మాట చెప్పకపోవడమంటే, పెళ్లికి పిలిచి పెళ్లికూతురెవరో చెప్పనట్టుంది.

ఇక చెరువులు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి. డ్రైవరు టీ తాగుదామని కలావెవ కట్ట దగ్గర బస్సు ఆపాడు, అంతేగానీ అది మా ప్రోగ్రాంలో లేదు. నాకు మటుకు ఆ టూరు మొత్తానికి అదే పెద్ద లాభం. ఐదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించిన చెరువు. దీని నుంచి జయగంగ అనే కాలువ అనురాధపురంలోని తిస్సవెవ అనే చెరువు దాకా పోతుంది, దగ్గర దగ్గర 87 కిలోమీటర్లు. అందులో మొదటి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దాకా కాలువ వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లకు మించదట. మేం నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పెట్టి, బెంచ్‌మార్కులు రాసుకుని, కాంట్రాక్టరుతో కొట్లాడి తవ్వించిన పిల్ల కాలువల్లోనే చివరి పొలం రైతుకు నీళ్లు పోక నానా తిట్లు తిన్నాం. పదిహేను వందల ఏళ్ల కింద ఆ లెవెల్ ఎలా పట్టారో తలచుకుంటే మా శాఖ వాళ్లంతా ఒకసారి అక్కడికి పోయి దండం పెట్టి రావాలి.

తూము సంగతి ఇంకా విచిత్రం. పెద్ద చెరువులో నీటి ఒత్తిడికి కట్ట కింద గొట్టం పగిలిపోకుండా, కట్ట లోపలి వైపు రాళ్లతో చతురస్రంగా ఒక బావిలాంటి గది కడతారు. నీళ్లు ముందు అందులో పడి, ఉరవడి తగ్గి, ఆ తర్వాత కాలువలోకి వస్తాయి. వాళ్లు బిసోకొటువ అంటారు. పార్కర్ అనే బ్రిటిష్ ఇంజనీరు చూసి, చెరువు నీళ్లను అదుపుగా వదిలే ఈనాటి వాల్వు టవర్లకు ఇదే తాత అని రాశాడు. మన పాత చెరువుల్లో తూము బండ ఎత్తి దించే నీరటికాడికి ఈ సంగతి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, ఇంజనీరుకు పది నిమిషాలు పడుతుంది.

ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఆ కిందిదాంట్లోకి. మనం గొలుసుకట్టు అంటాం. వాళ్లకూ ఇదే పద్ధతి. వాళ్ల గొలుసుకట్టు చెరువుల ఊళ్లను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన కాకతీయుల చెరువులు, నల్లగొండ వైపు ఏలిన కందూరు చోళుల చెరువులు ఏమన్నా తక్కువా? పొలొన్నరువలో పరాక్రమసముద్రం కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు ఆనలేదు. పన్నెండో శతాబ్దంలో ఆ చెరువును అంత చేసిన రాజు పరాక్రమబాహు, వానచుక్క ఒక్కటి కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదు అన్నాడని వాళ్ల పాత చరిత్ర గ్రంథంలో ఉంది, అక్కడి బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. చెరువుకు కాస్త దూరంలో బండకు చెక్కిన ఒక పెద్దాయన విగ్రహం ఉంది. అది పరాక్రమబాహుదే అంటారు కొందరు. చేతిలో ఉన్నది తాటాకు గ్రంథమని ఒకరు, కాదు కాడి అని ఒకరు. రైతు బిడ్డగా నా ఓటు కాడికే.

పొలొన్నరువలో గల్ విహార చూడకుండా రావద్దు. ఒకే బండను తొలిచి నాలుగు బుద్ధ విగ్రహాలు, పడుకున్న బుద్ధుడు పద్నాలుగు మీటర్ల పొడవు. తల పెట్టిన దిండు చూడండి, బరువుకు దిండు కొంచెం నొక్కుకుపోయినట్టు రాతిలో చెక్కాడు ఆ శిల్పి. దాని ముందు నిలబడితే మాటలు ఆగిపోయాయి, అంత్యాక్షరి బ్యాచ్‌తో సహా.

సిగిరియా గురించి అందరూ చెబుతారు కాబట్టి కొద్దిగానే. కాశ్యపుడనే రాజు ఐదో శతాబ్దం చివర ఒక పెద్ద బండ నెత్తిన కోట కట్టుకున్నాడు. మెట్లు పన్నెండు వందల దాకా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నీటి తోటల్లోనే ఆగిపోవడం మేలు, నేనూ అక్కడే ఆగాను. ఆ తోటల్లో వానాకాలం ఫౌంటెన్లు ఇప్పటికీ చిమ్ముతాయట. పైన అద్దం గోడ మీద వెయ్యేళ్ల కిందటి సందర్శకులు రాసిన పద్యాలు వందల్లో ఉన్నాయి. ఇప్పుడు మాత్రం దాన్ని ముట్టుకుంటే ఊరుకోరు. 2015లో ఒకమ్మాయి తన పేరు గీకితే రెండేళ్ల జైలు వేశారు, తర్వాత అధ్యక్షుడు క్షమాభిక్ష పెడితే బయటికొచ్చింది. రెండేళ్లు ఎక్కువే అనుకోండి. మన దేవరకొండ కోట గోడల మీద రంగుతో రాసిన ప్రేమ జంటల పేర్లు చూసినప్పుడల్లా, కనీసం రెండు రోజులైనా వేస్తే బాగుండు అనిపిస్తుంది.

ఆ సిగిరియా కిందే, బస్సులు ఆగే చోట, ఒక పాములాయన కూర్చున్నాడు. ముందు బుట్టలో నాగుపాము, భుజం మీద కోతి. ఆ కోతి మా తుంగతుర్తి అక్క చేతిలో అరటిపండు లాక్కోబోతే ఆయన దాన్ని కసిరాడు. కసిరింది తెలుగులో! అక్క బిత్తరపోయి "ఏందయ్యా, నీదేవూరు?" అని అడిగింది. ఆయన సగం అర్థమై సగం కాక నవ్వాడు. నీళ్లు, పాము, కోతి, బిడ్డ, ఇలా ఒక్కో మాట అటూ ఇటూ విసురుకుంటూ కాసేపట్లో మాట కలిసింది. వాళ్లని అక్కడ అహికుంటకులంటారట. తరతరాల కింద ఇటునుంచి పోయిన సంచార జనం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, ఇప్పుడు కొన్ని ఊళ్లలో స్థిరపడ్డారు, పిల్లలు మెల్లగా సింహళంలోకి మారుతున్నారు. అక్క ఆయన్ని ఇంకా ఏదో అడగబోతుంటే మేనేజరు విజిల్. డిన్నర్ లేటవుతోందట. మళ్లీ పప్పే కదా, కాస్త ఆలస్యమైతే ఏం కొంప మునిగేది? కాండీని చివరగా ఏలిన నలుగురు రాజులు కూడా మధురై నాయకుల చుట్టాలు, మూలం తెలుగు. ఆఖరాయన శ్రీవిక్రమ రాజసింహుడిని 1815లో ఇంగ్లీషు వాళ్లు దించేసి మన పక్కన వెల్లూరుకు పంపితే అక్కడే 1832లో పోయాడు. కాండీలో బుద్ధుడి దంతం ఉంచిన గుడి చూపించిన మేనేజరుకు ఇది తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు, అతనికి నేర్పింది షాపుల దగ్గర ఎక్కడ పార్కింగు దొరుకుతుందో మాత్రమే.

కలావెవ నుంచి కొద్ది దూరంలోనే అవుకన బుద్ధుడు, నిలువెత్తు రాతి విగ్రహం. అడిగితే టైం లేదన్నారు. మరి తిరిగొచ్చాక ఏం చేశాను? సాగర్ పోయాను. అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనంలో అదే అవుకన బుద్ధుడి నమూనా, 27 అడుగులది, శ్రీలంక వాళ్లు ఇచ్చిందే ఉంది. శ్రీలంకలో చూడలేనిది నాగార్జునసాగర్‌లో చూశానంటే మా ఇంటామె ఇప్పటికీ ఎగతాళి చేస్తోంది.

అక్కడి నుంచి మొదలైంది అసలు ఆలోచన, ఈ ఉత్తరానికి కారణం కూడా అదే. నల్లగొండ బస్టాండు నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లు ఉండదు. ఛాయా సోమేశ్వరుడు, పచ్చల సోమేశ్వరుడు, పక్కనే మ్యూజియం, పక్కనే ఉదయసముద్రం. గుళ్లూ చెరువూ కందూరు చోళుల కాలానివే, ఆ వంశపు రాజు ఉదయనుడి పేరు మీదే ఆ చెరువు. కారులో వచ్చినవాళ్లు గర్భగుడిలో లింగం మీద నీడ చూసి, సెల్ఫీ దిగి, పది నిమిషాల్లో పోతారు. చెరువు కట్ట ఎక్కేవాళ్లు నూటికి ఒకరు. వందల ఏళ్ల కిందటి చెరువులోకి ఇప్పుడు సాగర్ వెనక నీళ్లు లిఫ్టు చేసి తెస్తున్నామని, నీళ్లు నిలవచేసి అవసరాన్నిబట్టి వదిలే మన బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఇవాళ అదేనని ఎవరూ చెప్పరు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి అనే ఊళ్లో కాకతీయుల సామంతులు రేచర్ల వాళ్ల గుళ్లు, 1208 నాటి శాసనం. తిరుమలగిరి దగ్గర ఫణిగిరి కొండ మీద బౌద్ధ స్తూపం, విహారాలు. ఆ ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి వచ్చాయి, అమెరికా వాళ్లు టికెట్టు కొని చూశారు. ఇంటికి గంటా రెండు గంటల దూరంలో ఉన్న మనం చూడలేదు. ఎందుకు చూడలేదంటే, బద్ధకం ఒక కారణం, ఒప్పుకుందాం. కానీ బస్సు లేదు అనేది అంతకంటే పెద్ద కారణం. కారున్నవాడికి దారి తెలియదు, కారులేనివాడు మూడు బస్సులు మారి, ఆటో ఎక్కి, కొండ కింద దిగితే అక్కడ చెప్పేవాడు ఉండడు.

అందుకని నా విన్నపం ఇది. ఆర్టీసీ, పర్యాటక శాఖ కలిసి శని, ఆదివారాల్లో నల్లగొండ బస్టాండు నుంచే ఒక బస్సు వేయాలి. హైదరాబాద్ నుంచి కాదు, నల్లగొండ నుంచి. ఒక వారం పానగల్లు, పిల్లలమర్రి, ఫణిగిరి. ఇంకో వారం దేవరకొండ కోట మీదుగా సాగర్, బుద్ధవనం, లాంచీలో నాగార్జునకొండ. అలాగే మహబూబ్‌నగర్ నుంచి మర్రిచెట్టు చూపించి అలంపురం దాకా ఒకటి. ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఎలాగూ టికెట్టు లేదు, ఈ బస్సుకు మామూలు చార్జీ పెట్టినా ఎవరూ కాదనరు. మనవాళ్లు రత్నాల షాపులో వదిలే డబ్బు లెక్కేసుకుంటే ఇది టీ ఖర్చు.

బస్సు ఒక్కటే చాలదు, చెప్పే మనిషి కావాలి. చరిత్రలో ఎం.ఎ. చేసి ఖాళీగా ఉన్న పిల్లలు జిల్లాలో కావలసినంత మంది ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, శ్రీలంకలోలాగా పరీక్ష పెట్టి, మెడలో కార్డు వేసి, రోజుకింత అని ఇస్తే సరిపోతుంది. వాళ్లకు గుడి శిల్పం ఎంత నేర్పుతారో చెరువు కూడా అంత నేర్పాలి. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, ఆయకట్టు ఎంత, ఎవరు తవ్వించారు. ఆ పాఠం చెప్పడానికి మా శాఖలో రిటైరైన వాళ్లం చాలామందిమి ఉన్నాం, పైసా అడగం, పొద్దున వాకింగ్‌కు బదులు కట్ట మీదికి వస్తాం.

నష్టం వస్తుంది, జనం ఎక్కరు అంటారని తెలుసు. మొదట్లో ఎక్కరు, నిజమే. బళ్ల విహారయాత్రలను ముందు ఈ బస్సు ఎక్కించండి. పిల్లల్ని ఏటా వాటర్ పార్కులకు, ఫిల్మ్ సిటీకి తిప్పుతున్నారు కదా, అందులో ఒక్క ఏడాది ఇటు తిప్పితే బస్సు నిండిపోతుంది. పిల్లలు ఇంటికొచ్చి చెబితే తల్లిదండ్రులు వస్తారు.

మీ పత్రికకూ ఒక మాట. విదేశీ టూరు ప్రకటన ఇచ్చేవాళ్లను, ఏ స్థలంలో ఎన్ని గంటలు ఆపుతారు, ఎన్ని షాపులకు తీసుకెళ్తారు అనే రెండు ముక్కలు ప్రకటనలోనే రాయమని మీరు అడగొచ్చు. రాయనివాళ్లను పాఠకులే ఫోను చేసి అడగాలి. డబ్బు కట్టకముందు అడిగితే జవాబు చెబుతారు, కట్టాక అడిగితే "చూద్దాం సార్" అంటారు.

బస్సు విషయంలో ఆఖరుగా ఒకటి. సాగర్ ప్రయాణంలో లాంచీ టైముకు బస్సు అందకపోతే మొత్తం ప్రయాణం వృథా అవుతుంది, నాగార్జునకొండ చూడకుండానే జనం వెనక్కి రావాల్సి వస్తుంది. కాబట్టి టైం టేబుల్ వేసే అధికారులు ముందు లాంచీ స్టేషనుకు ఫోను చేసి, పొద్దున మొదటి లాంచీ ఎన్నింటికో కనుక్కుని, దాన్నిబట్టి నల్లగొండలో బస్సు బయల్దేరే టైము పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
నీటిపారుదల శాఖ రిటైర్డ్ ఉద్యోగి,
నల్లగొండ